నరపు పొరలో చక్కెర

“పరీక్షకు రాని విషయము మనకెందుకు?” అన్న ప్రశ్న తరగతి గదులలో తరచు వినవస్తుంది. తెలుగు చెప్పుకొనే వారికి ఈ గొడవ ఏల అని నవ్వేవారు నవ్వవచ్చు గాని, మేము ఒక ఎలుక నరమును సాక్ష్యముగా తెస్తున్నాము.

చేతులకు, కాళ్ళకు పోయే నరములపై మైలిన్ అనే కొవ్వు తొడుగు పొరలు పొరలుగా చుట్టుకొని ఉంటుంది. అందలి మాంసకృత్తులలో సగానికి పైగా పి-జీరో అనునదే. 1973లో ఎవర్లీ, బ్రాడీ, క్వార్లెస్ అనే శాస్త్రజ్ఞులు ఎలుక సయాటిక్ నరపు మైలిన్‌ను తీసి, దాని మాంసకృత్తులను జెల్‌పై విద్యుత్తుతో విడదీశారు. చక్కెరను పట్టి చూపే రంగు ఈ ప్రధాన మాంసకృత్తుకే గాఢముగా అంటింది. అది గ్లైకోప్రొటీను, అనగా చక్కెర తొడిగిన మాంసకృత్తు అని తేలింది.

నాడు దానివలన ఏ రోగికీ ఏమీ ఒరగలేదు. పొరలను ఒకదానికొకటి బిగించి పట్టేది ఈ పి-జీరోయేనని తరువాతి పరిశోధనలు తెలిపాయి. 1993లో దాని జన్యువులోని లోపమే షార్కో-మారీ-టూత్ వ్యాధిలో ఒక రకమునకు మూలమని వెల్లడైంది. పాదములు సన్నగిల్లి నడక తడబడే ఆ వ్యాధిని వైద్యులు 1886లోనే వర్ణించారు! నేటికీ దానిని నయము చేసే మందు లేదు. అయినను వెదకవలసిన చోటు తెలిసింది.

కమిటీ పెద్దలు వచ్చే బడ్జెట్‌లో మన ప్రయోగశాలకు ఒక జెల్ పరికరము మంజూరు చేయాలని, సిలబస్‌ను అందుకు అడ్డుగా చూపరాదని మా మనవి.