రెండు గంటల రాజమండ్రికి దారి చూపేదెవరు?

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. ఆ లోగా రాజమండ్రి తీరాన్ని పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలని అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. సుమారు 94 కోట్ల రూపాయల ఆ పనుల్లో పాత హేవ్‌లాక్ వంతెన, పుష్కర ఘాట్ ముఖ్యమైనవి. ఈ రోజుల్లో ఏ ఊళ్లో పర్యాటకం మాటెత్తినా బ్యాటరీ బండ్ల మాట దాని వెంటే వస్తోంది. నలుగురు కూర్చునే చిన్న బండిలో రెండు గంటల్లో ఊరు చూపించి పంపడమన్న ఆలోచన రాజమండ్రికి బాగా నప్పుతుంది కూడా. కానీ బండ్లు కొనడం ఇందులో అన్నిటికన్నా తేలికైన పని. డబ్బుంటే నెలలో వచ్చి ఘాట్ ముందు వరసగా నిలబడతాయి. ఆ బండి తోలుతూ ఊరిని విప్పి చెప్పగల మనిషి మాత్రం నెలలో తయారు కాడు. బడ్జెట్‌లోనూ, శిక్షణలోనూ, ఒప్పంద పత్రంలోనూ మొదటి స్థానం ఆ మనిషికే దక్కాలి. అలా జరగకపోతే రాజమండ్రికి వచ్చేది పర్యాటకం కాదు, ఇంకో రకం ట్రాఫిక్.

ఇప్పుడు బయటి నుంచి వచ్చేవాళ్లు ఏం చూస్తున్నారో గమనిస్తే సంగతి తేలిపోతుంది. రేవులో స్నానం, మార్కండేయస్వామి దర్శనం, సాయంత్రమైతే హారతి, మర్నాడు పాపికొండల యాత్ర. గట్టు దిగి నాలుగడుగులు వేస్తే వచ్చే కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, ఇన్నీసుపేట, ఆర్యాపురం, దానవాయిపేట వాళ్ల లెక్కలోకే రావు. కోటిలింగాల రేవు నుంచి గౌతమీ ఘాట్ దాకా సాగే గట్టునీ, దాని వెనకున్న పాత ఊరినీ కలిపి చూస్తే తప్ప ఇది ఎందుకు రాజమండ్రి అయిందో అర్థం కాదు. ఆ సందుల్లోకి టూరిస్టు బస్సు పోదు. గోదావరి జిల్లాల ఉక్కలో పెద్దవాళ్లని నడిపించలేం. ఇ-రిక్షా సరిగ్గా ఈ ఖాళీలో ఇముడుతుంది. నలుగురికి మించి ఎక్కించకూడదనీ, గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదనీ నిబంధనలున్నాయి. రవాణాకు అవి పరిమితులే అయినా ఊరు చూడ్డానికి కావలసిన వేగమూ, గుంపు పరిమాణమూ అవే. ఇంకో గుణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎలక్ట్రిక్ మోటారు చప్పుడు చెయ్యదు. డీజిల్ ఆటోలో ముందు కూర్చున్నవాడు గొంతు చించుకున్నా వెనక్కి సగం మాటే వినిపిస్తుంది. బ్యాటరీ బండిలో మామూలు గొంతుతో కథ చెప్పొచ్చు. అంటే ఈ బండి అసలు విలువ చెప్పేవాడుంటేనే బయటపడుతుంది.

ఆ చెప్పేవాడి దగ్గర ఉండవలసిన సరుకు ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చూద్దాం. కందుకూరి వీరేశలింగం ఇల్లు మ్యూజియంగా నిలిచి ఉంది. ఇప్పుడు అక్కడికి వెళ్లినవాళ్లు గోడల మీద ఫోటోలు చూసి, బోర్డు చదివి, పది నిమిషాల్లో బయటికొస్తారు. 1881 డిసెంబర్ 11న ఆయన ఇంట్లో జరిగిన తొలి వితంతు వివాహం గురించి బోర్డు మీద ఒక వాక్యం ఉంటే ఉంటుంది. కానీ ఆ పెళ్లి నాటికి ఊరంతా ఎలా ఎదురు తిరిగిందో, వెలి వేస్తామన్న బెదిరింపులకు ఎంతమంది వెనక్కి తగ్గారో, వంటవాళ్లూ నీళ్లు తెచ్చేవాళ్లూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తనే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి పెళ్లివారికి వండిపెట్టిన తీరు ఎలాంటిదో బోర్డు చెప్పదు. ఆమె నీళ్ల కోసం వెళ్లిందీ, అప్పుడే మనం స్నానం చేసి వచ్చిందీ ఒకే నదికని తెలిస్తే రేవుకూ వీధికీ మధ్య ఉన్న దూరం వేరే రకంగా కనిపిస్తుంది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బుతో అండగా నిలిచారు. చదువుకునే కుర్రాళ్లు ఆ ఇంటికి కాపలా కాశారు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. కాకపోతే ఆ వీధిలో బండి ఆపి, అటు నది ఉన్న దిక్కు చూపించి చెప్పేవాడు కావాలి. 1890లో వీరేశలింగం కట్టించిన పురమందిరం దగ్గర బండి మళ్లీ ఆగితే, ఒక మనిషి తన ఇంట్లో మొదలుపెట్టిన పోరు ఊరి నడిబొడ్డుకు ఎలా చేరిందో రెండు మాటల్లో ముగించొచ్చు.

గట్టు మీద దామెర్ల రామారావు చిత్రశాల కూడా ఇలాంటిదే. 1897లో పుట్టి 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన ఆ చిత్రకారుణ్ణి గుర్తించి బొంబాయి జె.జె. స్కూలు దారి పట్టించింది ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజుకూ గురువు ఆయనే. కాలేజీనీ చిత్రశాలనీ ఒకే దారిలో కలిపితే ఒక తరం కళ్ల ముందుకొస్తుంది, విడివిడిగా చూస్తే రెండు భవనాలే కనిపిస్తాయి. హేవ్‌లాక్ వంతెన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కళ్లకే అందుతుంది. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచిన ఆ 56 ఖానాల వంతెన మద్రాసునూ కలకత్తానూ కలిపింది. దానికి ముందు ఈ ఒడ్డుకీ కొవ్వూరుకీ మధ్య పడవలే దిక్కు. 1997లో అది విశ్రమించింది. ధవళేశ్వరం మాత్రం ఈ రెండు గంటల్లో వద్దు. ఆనకట్ట కట్టించిన కాటన్‌ని వదిలేస్తారా అని గోదావరి జిల్లాల్లో ఎవరైనా నొచ్చుకుంటారని తెలుసు. ఆనకట్టకూ మ్యూజియానికీ ఒక పూట కేటాయించాలి, అంత విలువ వాటికుంది. హడావిడిగా ఇరవై నిమిషాల్లో చూపించడం కాటన్‌కి మర్యాద కాదు. వాటికి బదులు నల్లా ఛానెల్ చూపించాలి. ఊరి మురుగుని మోసుకెళ్లి గోదావరిలో కలిపే ఆ కాలువని దాచిపెట్టి నది పవిత్రత గురించి మాట్లాడే యాత్రని నమ్మడం కష్టం. వచ్చినవాళ్లు అది చూసి అడిగే ప్రశ్నలు ఊరికి మేలు చేస్తాయి.

బండ్ల మీదే దృష్టి పెట్టిన ఊళ్లకు ఏమైందో చూడాలి. టాగస్ నది ఒడ్డున ఉన్న లిస్బన్ టుక్‌టుక్‌ల పొగ, రొదలతో విసిగిపోయి ఎలక్ట్రిక్ బండ్ల వైపు మళ్లించే నిబంధనలు పెట్టింది. పొగ తగ్గింది గానీ బండ్లు తగ్గలేదు. చివరికి 2025లో మూడు వందలకు పైగా వీధుల్లో వాటిని నిషేధించవలసి వచ్చింది. గంగ ఒడ్డున వారణాసి ఇ-రిక్షాలతో నిండిపోయి, ఊరిని రంగుల వారీ జోన్లుగా విడగొట్టి, బండ్లకు క్యూఆర్ కోడ్‌లు అంటించాల్సిన స్థితికి చేరింది. మోటారు మారినంత మాత్రాన రద్దీ స్వభావం మారదని ఈ రెండు ఊళ్లూ చెబుతున్నాయి. దీనికి భిన్నంగా నర్మద ఒడ్డున కెవాడియాలో ఇ-ఆటోలు స్థానిక గిరిజన మహిళల చేతికి వచ్చాయి. అక్కడ మొదట ఆలోచించింది ఎవరు తోలాలన్నది. మహారాష్ట్రలోని మాథెరాన్‌లో మనుషులు లాగే రిక్షాలకు స్వస్తి చెప్పమన్నప్పుడు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ కెవాడియా పద్ధతినే నమూనాగా చూపి, లాగేవాళ్లకే ఇ-రిక్షాలు ఇచ్చే మార్గం చూడమంది. కేంద్ర పర్యాటక శాఖ 2024లో మొదలుపెట్టిన ‘పర్యటన్ మిత్ర’ కూడా ఆటో, క్యాబ్ డ్రైవర్ల నుంచి దుకాణదారుల దాకా ఊరివాళ్లకు తర్ఫీదు ఇచ్చే పథకమే. ముందుగా పరీక్షించిన ఆరు చోట్లలో మన పెన్న ఒడ్డు గండికోట ఒకటి. అంటే దీనికి దారి రాష్ట్రంలోనే పడింది. రాజమండ్రి కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం డ్రైవర్ల చరిత్ర జ్ఞానం గురించే. ఆటో తోలేవాడు చెప్పేది చరిత్ర ఎలా అవుతుంది, విన్నదీ కన్నదీ కలిపి కట్టుకథలు చెబుతాడు అంటారు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. కథల్లోని సారంగధరుణ్ణీ చరిత్రలోని రాజరాజనరేంద్రుణ్ణీ కలిపేసి పురాణాన్నీ శాసనాన్నీ ఒకే గాటన కట్టే ప్రమాదం రాజమండ్రిలో నిజంగా ఉంది. కానీ పట్టా పుచ్చుకున్న గైడ్లు కూడా ఈ పని చెయ్యకుండా ఉండరు. తేడా తెచ్చేది మనిషి చదువు కాదు, అతని చేతికి మనం ఇచ్చే పాఠం. ఊరి దగ్గర్లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది, బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్య పీఠం ఉంది, శాసనాలున్న రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం ఉంది, వందేళ్లు దాటిన గౌతమీ గ్రంథాలయం ఉంది. ఇన్ని సంస్థలుండి, ఒక్క రెండు గంటల యాత్రకు సరిపడా సరిచూసిన తెలుగు పాఠం తయారు చెయ్యలేకపోతే తప్పు డ్రైవర్లది కాదు. ఏది కథో ఏది ఆధారమో విడమరచి చెప్పడం కూడా ఆ పాఠంలో భాగం కావాలి. ‘ఇలా అంటారు’ అనీ ‘ఇక్కడ ఇలా రాసి ఉంది’ అనీ వేరుగా చెప్పడం ఎవరైనా నేర్చుకోగలరు. పైగా ఏ సందులో ఏ వేళకు లారీ అడ్డం పడుతుందో, ఏ ఇంటి అరుగు మీద ఏ ముసలాయన ఇంకా ఆ రోజుల సంగతులు చెబుతాడో బండి తోలేవాడికి తెలిసినంతగా ఏ చరిత్ర ఉపన్యాసకుడికీ తెలియదు.

గైడుకి డబ్బులిచ్చే అలవాటు మనవాళ్లకు లేదన్నది రెండో మాట. నిజమే, కానీ అలవాటు లేకపోవడానికి కారణం మనవాళ్ల పిసినారితనం కాదు. ఇచ్చిన డబ్బుకి తగిన మాట ఎప్పుడూ దొరక్కపోవడం, తీరా వెళ్తే ఏ చీరల షాపు ముందో దింపడం. తాడితోట వస్త్ర మార్కెట్‌కి పర్యాటకులు వెళ్తే మంచిదే, కమిషన్ కోసం తీసుకెళ్లడం మాత్రం యాత్రను చంపేస్తుంది. మనిషికి రెండు వందలు అనుకుంటే నలుగురికి ఎనిమిది వందలు. రోజుకి రెండు యాత్రలు దొరికినా, షాపుల కమిషన్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేని బతుకు అది. ధర బండి మీద రాసి ఉండాలి, బేరం ఉండకూడదు. థర్మల్ కరెంటుతో నడిచే బండి పర్యావరణానికి ఏం మేలు చేస్తుందన్న ప్రశ్నకు జవాబు పరిమితమే. పొగ విద్యుత్ కేంద్రం దగ్గర వెలువడుతుంది, ఇన్నీసుపేట సందులో కాదు. అంతకు మించి గొప్పలు చెప్పుకోకూడదు. లెడ్-యాసిడ్ బ్యాటరీలు పాడైతే ఎక్కడికి పోతున్నాయో చూడకపోతే ఆ మేలు కూడా మిగలదు, ఆ సీసం చివరికి చేరేది మళ్లీ ఈ నేలలోకో నీటిలోకో. డీజిల్ ఆటోల వాళ్ల పొట్ట కొడుతున్నారన్న ఆందోళన మాత్రం వీటన్నిటికన్నా బరువైనది. అందుకే కొత్త బండ్లకు బయటి ఏజెన్సీ కూలీలను తీసుకురాకూడదనీ, ఇప్పుడు ఆటో స్టాండ్లలో ఉన్నవాళ్లకే, వాళ్ల ఇళ్లల్లో తోలగలిగే ఆడవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలనీ ఈ వ్యాసం పట్టుబడుతోంది.

పుష్కరాల పేరు చెప్పి మొదలుపెట్టాను కాబట్టి ఆ పన్నెండు రోజుల గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ రోజుల్లో ఈ యాత్రలు ఆపేయాలి. 2015 జూలై 14 ఉదయం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ముహూర్తం గురించి సాగిన విపరీత ప్రచారం జనాన్ని ఒకే వేళకి ఒకే రేవుకి తోసిందని తర్వాత వేసిన సోమయాజులు కమిషన్ ఎత్తిచూపింది. అంత జనంలో గట్టు పక్క ఒక్క బండి ఆగినా ప్రమాదమే. కానీ అప్పటికే ఊరు చూపించి ఆరితేరిన వందమంది ఉంటే, బండ్లు పక్కన పెట్టి వాళ్లని రేవుల దగ్గర నిలబెట్టొచ్చు. గోదావరి ఈ ఊరి పొడవునా ఒక్కటేనని, కోటిలింగాల రేవులో మునిగినా గౌతమీ ఘాట్‌లో మునిగినా ఫలం ఒక్కటేనని ఊరివాళ్ల నోటితో చెబితే వినేవాళ్లుంటారు. మైకులో పోలీసు ప్రకటన కన్నా ఆ మాటకి బలం ఎక్కువ. శిక్షణని పుష్కరాల నెలకు వాయిదా వెయ్యకుండా ఇప్పుడే మొదలుపెట్టాలనడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

కాబట్టి నగరపాలక సంస్థ గానీ పర్యాటక శాఖ గానీ టెండరు పిలిచే రోజున, పత్రంలో బ్యాటరీ సామర్థ్యం, సీట్ల సంఖ్య, చార్జింగ్ పాయింట్ల పేజీలకన్నా ముందు వేరే పేజీలు ఉండాలి. తోలేవాళ్లకు నెలల తరబడి జీతమిచ్చి నేర్పే శిక్షణ, విశ్వవిద్యాలయాలు సరిచూసిన తెలుగు పాఠం, ఏడాదికోసారి దాన్ని సవరించే బాధ్యత ఎవరిదన్న స్పష్టత, కమిషన్ షాపుల దగ్గర ఆపితే లైసెన్సు రద్దు, బండ్ల సంఖ్యకు మొదటి రోజు నుంచే పరిమితి ఆ పేజీల్లో రాయాలి. ఈ షరతులకు ఒప్పుకునే కాంట్రాక్టరు దొరక్కపోతే బండ్లు కొనడం ఆపేసి, ఆ డబ్బుతో ముందు మనుషులకు నేర్పించాలి.