పది రూపాయల టికెట్ దయ కాదు

రైలు ఛార్జీలు మూడింతలు చేస్తున్నామని ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. రైలు పేరు మార్చారు, అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగిన ప్యాసింజర్ రైళ్లు మళ్లీ పట్టాలెక్కినప్పుడు ‘స్పెషల్’, ‘ఎక్స్‌ప్రెస్’ అయిపోయాయి. చాలాచోట్ల పెట్టెలు అవే, వేగమూ అదే. కొన్ని చిన్న స్టేషన్లలో ఆగడం మాత్రం మానేశాయి. కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30కి చేరింది. పాత ధర తిరిగొచ్చింది 2024 ఫిబ్రవరిలో, లోక్‌సభ ఎన్నికల ముందు.

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కాజీపేట-సికింద్రాబాద్ లైనులో ఏళ్లుగా తిరుగుతున్నాను. జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్‌లలో ప్యాసింజర్ ఎక్కేవాళ్లలో అడ్డా కూలీలు, కూరగాయల గంపల ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు నాకు ఎప్పుడూ కనిపిస్తారు. నెల పాసు ఉంది కదా అంటారు. రేపు పని దొరుకుతుందో లేదో తెలియని కూలీ నెల పాసు ఎలా కొంటాడు? అతనికి రానూపోనూ 20 రూపాయలయ్యేది 60 అయింది. ఆ 40 రూపాయలు అతని ఇంట్లో పూట కూర ఖర్చు.

అదే ధర నడుస్తుండగానే, 2023 జనవరి 15న ఇదే లైను మీద సికింద్రాబాద్-విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. అందులో జనరల్ పెట్టె లేదు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా మధ్యలో ఎక్కడా ఆగదు. వేగమైన రైలు వద్దని నేననడం లేదు. ఒకే పట్టాల మీద ఒకరికి సౌకర్యం పెరుగుతుంటే, ఇంకొకరికి ఉన్న రైలే ఎందుకు ఖరీదవ్వాలి?

ప్రయాణికుల నుంచి సగటున 57 శాతం ఖర్చే తిరిగొస్తుందని రైల్వే ఏకంగా టికెట్ల మీదే అచ్చువేసింది. జనం డబ్బుతో నడిచే సంస్థ జనానికే చూపించిన లెక్క అది. రోడ్డు వేసి, దాని మీద నడిచేవాడికి ఇంత నష్టపోయామని ఎవరైనా చీటీ ఇస్తారా? 2017 నుంచి విడిగా రైల్వే బడ్జెట్ కూడా లేదు. 

బాబాసాహెబ్ అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో 1901 నాటి ప్రయాణం గురించి రాశారు. సతారా నుంచి మసూర్ దాకా పిల్లలు రైల్లో బాగానే వచ్చారు. దిగాక వాళ్ల కులం తెలిసింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకోవాల్సి వచ్చింది. రైల్లో టికెట్ ఉంటే చాలు, రోడ్డు మీద కులం అడ్డొచ్చింది. టికెట్టే అందనంత దూరమైతే, వాడలోంచి పట్నానికి, చదువుకు, కూలికి ఉన్న దారి మళ్లీ మూసుకున్నట్టే. రాజ్యాంగం 19వ అధికరణ దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు ఇచ్చింది. జేబులో ఛార్జీ లేనివాడికి ఆ హక్కు ఊరి స్టేషన్ దగ్గరే ఆగిపోతుంది.

అందుకే ధర తగ్గింది కదా అని ఊరుకోకూడదు. పేరు మార్చి ఛార్జీ పెంచే వీలు లేకుండా నిబంధన రావాలి. ఒక స్టేషన్‌లో రైలు ఆపడం మానేసే ముందు ఆ ఊరి గ్రామసభను అడగాలి. పొద్దున, సాయంత్రం పనివేళలకు అందేలా ప్రతి లైనులో ప్యాసింజర్ నడపాలి. ఎన్నికల ముందు దయతలిచి ఇచ్చింది ఎన్నికలయ్యాక వెనక్కి పోవచ్చు. హక్కుగా రాయించుకున్నది అంత తేలిగ్గా పోదు.