పైపు ఫ్లేర్ చేయడం వచ్చా?

మెకానికల్ పట్టా చేతికొచ్చిన ఏడాదే, నాగాయలంక దగ్గర మా మావయ్య రొయ్యల చెరువు గట్టు మీద నా పరువు పోయింది. రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ స్టార్టయి, రెండు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్యలకు ఏమవుతుందో దివిసీమలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ పంట మీద ఎంత అప్పుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. "ఒరేయ్ ఇంజినీరూ, చూడరా" అన్నాడు మావయ్య. టార్చి వేసి చూశాను. ట్యాంకులో డీజిల్ ఉంది, ఎక్కడా కారడం లేదు. అంతకుమించి నాకేమీ తోచలేదు.

అవనిగడ్డ నుంచి మెకానిక్ వచ్చాడు. ట్యాంకు పైపు పీకేసి, డీజిల్ క్యానుని స్టూలు మీద పెట్టి, రబ్బరు పైపుతో ఇంజిన్‌కి కలిపాడు. గాలి తీసేసి స్టార్ట్ చేస్తే ఆగకుండా నడిచింది. ఏరేటర్లు తిరిగాక తీరిగ్గా పాత పైపు చూపించాడు. నట్టు లోపల, పూవులా విప్పారిన అంచు దగ్గర, వెంట్రుకంత చీలిక. ట్యాంకు కింద, పంపు పైన. పంపు పీలుస్తుంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. "కారితే కనబడుద్ది బాబూ, పీలిస్తే కనబడదు" అన్నాడు. పైపుని పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో ఊడిపోయిందట. ఇంజిన్ అదురుకి ఊగీ ఊగీ చివర చిట్లింది.

ఆ విప్పారిన అంచునే ఫ్లేర్ అంటారు. దాని గురించి వెతుకుతూ పోతే, సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల దగ్గర తేలాను. మన దేశంలోనూ ఉన్నారు. పైలట్ కెప్టెన్ అమోల్ యాదవ్ ముంబయిలో ఇంటి డాబా మీద విమానం కట్టారు. ఏళ్లతరబడి తిరిగాక 2017లో డీజీసీఏ రిజిస్ట్రేషన్ ఇచ్చింది. ఇలాంటి విమానం చూస్తే మనం రెక్కల ముందు సెల్ఫీ దిగుతాం. కట్టేవాళ్లకి నిద్ర పట్టనివ్వనివి మాత్రం వేలు లావు కూడా ఉండని ఇంధనం పైపులు.

చిన్న విమానాల్లో ఇవి ఎక్కువగా మెత్తటి అల్యూమినియంవి. ట్యూబ్ కట్టర్‌తో కోయాలి, అంచున మిగిలే గరుకంతా నున్నగా తీసేయాలి. చిన్న గీత ఉన్నా ఫ్లేర్ చేసేటప్పుడు అక్కడే చీలుతుంది. ఫ్లేర్ కోణం 37 డిగ్రీలు. మన ఫ్రిజ్, ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉండే టూల్ 45 డిగ్రీలది. రెండూ కలిపి బిగిస్తే బిగిసినట్టే ఉంటాయి, కానీ అంచు సరిగా ఆనదు. రెండు చివర్ల మధ్య పైపుని తిన్నగా లాగకూడదు, చిన్న వంపు ఉంచాలి. అదురూ వేడీ ఆ వంపు తీసుకుంటుంది, లేదంటే భారమంతా ఫ్లేర్ మీద పడుతుంది. పైపు నట్టుకి ఎదురుగా రాకపోతే? నట్టుతో లాక్కొచ్చి బిగించడం మనకి బాగా అలవాటు. అది కుదరదు, పైపు మళ్లీ చేసుకోవాల్సిందే. ఇంజిన్ కదిలేది కాబట్టి అక్కడి నుంచి మెత్తటి హోస్. అన్నీ బిగించాక కూడా, ట్యాంకు నుంచి పంపు లేకుండా జారే ఇంధనమైతే, టేకాఫ్‌లో ఇంజిన్ తాగే దానికి ఒకటిన్నర రెట్లు వస్తోందో లేదో కొలిచి చూస్తారు.

ఇదంతా హాబీవాళ్ల చాదస్తం అనుకోకండి. 2001 ఆగస్టు 24న టొరంటో నుంచి లిస్బన్ వెళ్తున్న ఎయిర్ ట్రాన్సాట్ ఎయిర్‌బస్ ఏ330లో, కుడి ఇంజిన్‌కి సరిపడని హైడ్రాలిక్ పైపు బిగించారు. అది ఇంధనం పైపుని రాసుకుని రాసుకుని చీల్చింది. అట్లాంటిక్ మీద రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. దాదాపు 19 నిమిషాలు గాల్లో జారుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. అందులో ఉన్న 306 మందీ బతికారు.

ఇప్పుడు మీ రెజ్యూమె తీయండి. నాదీ అలాగే ఉండేది: మూడు సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్లు, ఒక కొనుక్కొచ్చిన ప్రాజెక్టు. క్యాడ్ వద్దనడం లేదు, నాకు తిండి పెట్టిందే అది. కానీ స్క్రీన్ మీద గీసిన పైపు ఏనాడూ చిట్లదు. నాలుగో సర్టిఫికెట్‌కి ఫీజు కట్టే ముందు ఒక్క పైపు చేయండి. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి, శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ విమానాలకు మెయింటెనెన్స్ చేస్తుంది. అలాంటి చోట ఇంటర్వ్యూకి వెళ్తే, మీరు చేసిన తప్పు ఫ్లేర్ ఎందుకు తప్పయిందో చెప్పగలగడం పనికొస్తుందని నా నమ్మకం. (బీటెక్ ఉంటే విమానం రిపేరుకి లైసెన్స్ ఉన్నట్టే అనుకోకండి. ఏఎంఈ లైసెన్స్ దారి వేరు, డీజీసీఏ పరీక్షలు రాయాలి.)

నేర్చుకోవడానికి హైదరాబాద్ పోనక్కర్లేదు. బందరులో ఉంటే గిలకలదిండి వెళ్లి బోటు ఇంజిన్ విప్పుతున్నప్పుడు పక్కన కూర్చోండి. గుడివాడలో ఉంటే ఏసీ మెకానిక్‌ని అడిగి మూరెడు రాగి పైపు తెచ్చుకోండి, ఆయన టూల్‌తోనే ఫ్లేర్ చేయండి. భూతద్దంతో చూడండి. ఫిట్టింగ్‌కి బిగించి, అవతలి చివర మూసి, బకెట్ నీళ్లలో ముంచి ఊదండి. బుడగ వస్తే కోసేసి మళ్లీ మొదలుపెట్టండి. అన్నట్టు, ఫ్లేర్ చేసే ముందే నట్టు తొడగాలి, తర్వాత ఎక్కదు. నేను మొదటి మూడుసార్లూ మర్చిపోయాను.