గోరింట కంచె

తోటల చిత్రాలు చూసినప్పుడల్లా మన చూపు ముందుగా ఆగేది బాటకు ఇరుపక్కలా గోడ చెక్కినట్లు నిలిచిన పొట్టి పచ్చని పొదల మీద. ఐరోపా తోటల్లో శతాబ్దాలుగా పెంచుతున్న బాక్స్‌వుడ్ పొదలవి. అటువంటి కంచెను మన పెరట్లోనూ పెంచవచ్చునా అని సోదరీమణులు కొందరు అడుగుతుంటారు. బాక్స్‌వుడ్ చల్లని సీమల మొక్క. మన దేశంలో దాని జాతి ఒకటి పశ్చిమ హిమాలయాల్లో సహజంగానే పెరుగుతుంది. రాజౌరీ ప్రాంతపు పనివారు దాని గట్టి కర్రతో దువ్వెనలు, చెంచాలు చెక్కుతారు. అయితే మన మైదానాల మే నెల ఎండకు అది నిలవడం కష్టం. ఎంతో ఖర్చుతో తెచ్చి నాటినా రెండు వేసవులు దాటడం గగనమే.

అందుకు చింతించవలసిన పని లేదు. కత్తిరించిన కొద్దీ గుబురు కట్టే కంచె మొక్కను అల్లాహ్ మన నేలకూ ప్రసాదించాడు. అదే గోరింట. కొన్ని ప్రాంతాలవారు మైదాకు అంటారు, మన ఇళ్లల్లో మెహందీ అంటాము. ఇది దానిమ్మ కుటుంబానికి చెందిన పొద. ఎండకు వెరవదు, బీద నేలలోనూ బతుకుతుంది, పూత దశలో సన్నని తెల్లని పూలతో వీధంతా పరిమళం నింపుతుంది. ముదిరిన కొమ్మల కొనలు ముళ్లుగా మారతాయి కనుక మేకలూ అంత సులభంగా చొరబడవు.

ఈ మొక్కను గురించి మేము నేర్చుకున్నది పుస్తకాల కన్నా మా పొరపాట్ల వల్లనే ఎక్కువ. కనుక ముందుగా ఆ పొరపాట్లనే చెప్పుకుంటాము.

గుంటూరు జిల్లాలోని మా ఇంటికీ, పొరుగువారి ఇంటికీ నడుమ మా అమ్మ నాటిన గోరింట కంచె ఉండేది. పొడవు 40 అడుగులు, ఎత్తు 4 అడుగులు. ఆ చాటున ఇంటి ఆడవారు నిశ్చింతగా పెరట్లో కూర్చుని బియ్యం ఏరుకునేవారు. ఆషాఢం రాగానే అవతలి వైపు నుండి పొరుగింటి మామ్మగారు, ఆమె కోడళ్లు ఆకు కోసుకునేవారు. పండుగలు రాగానే ఇవతలి నుండి మేము కోసుకునేవాళ్లము. ఎవరి ఆకు ఎవరిదన్న లెక్క ఏనాడూ రాలేదు.

అమ్మ అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయాక ఆ కంచెను ఆమె గుర్తుగా అపురూపంగా చూసుకోవాలనుకున్నాము. ఉదయం, సాయంత్రం గొట్టంతో నీళ్లు పెట్టాము. యూరియా చల్లాము. పైభాగాన్ని మాత్రం పలకలా చదునుగా కత్తిరిస్తూ వచ్చాము. తొలి ఏడాది కంచె నిగనిగలాడింది. రెండవ ఏడాదికి పైన గొడుగులా ముసిరి, అడుగున ఒట్టి మోళ్లు తేలింది. ఆ వానాకాలంలో పల్లపు వైపున్న మొక్కల ఆకు పసుపు తిరిగి రాలింది. దసరా నాటికి 13 మొక్కలు నిలువునా ఎండిపోయాయి. మిగిలినవీ నీరసించి, పిడికెడు పండే ఆకు లేకుండా పోయాయి.

ఆ సంవత్సరం చాంద్ రాత్ నాడు మా చిన్నమ్మాయి పెరట్లోకి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది. బజారులో నిమిషాల్లో నల్లగా పండే కోన్ కొనుక్కుంది. మేము వద్దనలేదు. పండుగ మూడవ నాటికి అరచేతి వెనుక ఏ గీత గీసిందో ఆ గీత వెంబడే బొబ్బలు లేచాయి. చర్మ వైద్యుని వద్దకు పరుగెత్తాము. మంట పది రోజుల్లో తగ్గినా, ఆ లతల మచ్చలు మాసిపోవడానికి నెలలు పట్టాయి. "ఇకమీదట జీవితంలో జుట్టుకు నల్లరంగు వేసుకునే ముందు ఈ సంగతి తప్పక చెప్పాలమ్మా" అని వైద్యుడు హెచ్చరించాడు. కోన్ అమ్మినవారిది తప్పే. కానీ ఇంటి ఆకును ఎండబెట్టుకున్నది మేమే కదా అన్న బాధ మమ్మల్ని వదలలేదు.

ప్రతి తల్లీ తెలుసుకోవలసిన విషయమిది. గోరింట సహజంగా నారింజ రంగుతో మొదలై, ఒకటి రెండు రోజుల్లో గాలి తగిలి ముదురు ఎరుపుకు తిరుగుతుంది. అది ఏనాడూ నిమిషాల్లో నల్లబడదు. అలా నల్లబడిందంటే అందులో పరాయి రసాయనం ఉన్నదని అనుమానించాలి. చాలా సందర్భాల్లో అది జుట్టు రంగుల్లో వాడే పి.పి.డి. అనే పదార్థం. ఒకసారి దాని వల్ల ఒంటికి పడనితనం ఏర్పడితే, అది జీవితాంతం వెన్నాడవచ్చును. మరొక్క మాట. స్వచ్ఛమైన గోరింట కూడా పసిబిడ్డలకు పెట్టరాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసే ప్రమాదం ఉంది.

ఆ వేసవిలో తాపీమేస్త్రీని పిలిచి, కంచె తీసేసి గోడ కట్టమన్నాము. కొలతలు తీస్తుండగా పొరుగింటి మామ్మగారు కర్ర ఊతంతో వచ్చి నిలబడ్డారు. "గోడ కట్టుకోండమ్మా, మీ స్థలం మీది. కానీ మీ అమ్మ దీనికి రోజూ నీళ్లు పోయడం నేనెన్నడూ చూడలేదు. మొక్క చావలేదు, మీరే ముంచారు. ఒక్క వానాకాలం ఆగి చూడండి" అన్నారు. మేస్త్రీని పంపివేశాము. ఆపై చేసిన పని ఇది.

ముందుగా నీరు. మాది నల్లరేగడి నేల. తడి పట్టి ఉంచుతుంది. గోరింట వేరుకు నిలువ నీరు విషంతో సమానం. ఎండిన మొక్కలను పెకలించి చూస్తే వేళ్లు కుళ్లి నల్లబడి ఉన్నాయి. కంచె వెంబడి చిన్న కాలువ తీసి నీరు బయటికి పోయేలా చేశాము. మళ్లీ నాటే చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గాడి తవ్వి, ఆ మట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, చుట్టూ ఉన్న నేల కన్నా జానెడు ఎత్తుగా గట్టు కట్టాము. వేళ్లు నిలదొక్కుకున్న మొక్కకు వేసవిలో పది రోజులకొకసారి నిండుగా తడి ఇస్తే చాలు. వానాకాలంలో ఇవ్వనే వద్దు. యూరియా మానివేశాము. ఏటా వానలకు ముందు పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది.

రెండవది కత్తిరింపు. గోరింటకు మోడు నుండి చిగురించే గుణం గొప్పది. తొలకరికి ముందు, మే చివర, సగం కంచెను మోకాలి ఎత్తుకు నరికాము. చాటు పూర్తిగా పోకుండా మిగిలిన సగాన్ని మరుసటి ఏటికి వదిలాము. వానలు పడ్డాక మోళ్ల నిండా చిగుళ్లు వచ్చాయి. ఆపై కత్తిరించే తీరు మార్చాము. కంచె అడుగు వెడల్పుగానూ, పైభాగం కొంత సన్నగానూ ఉండాలి. అడుగున రెండున్నర అడుగులుంటే పైన రెండడుగులకు మించరాదు. అప్పుడే కింది కొమ్మలకు ఎండ తగిలి ఆకు నిలుస్తుంది. బాక్స్‌వుడ్ కంచెలకైనా ఇదే సూత్రం. కత్తెర పదునుగా ఉండాలి. మొద్దు కత్తెర కొమ్మను నలుపుతుంది, నలిగిన చోట తెగులు చేరుతుంది.

మూడవది కొత్త మొక్కలు. విత్తనాలు ఆవగింజ కన్నా సన్నం. వాటిని కొన్ని రోజులు నానబెట్టి, రోజూ నీరు మార్చి, ఇసుకతో కలిపి మడిలో చల్లుతారు. కొమ్మలతో పెంచడం ఇంతకన్నా సులువు. బతికిన పొదల నుండి పెన్సిలు లావు, జానెడు పొడవు కొమ్మలు తీసుకుని, కింది ఆకులు తుంచి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా సంచుల్లో గుచ్చి నీడన పెట్టాము. కొన్ని వారాల్లో చిగురించాయి. వేళ్లు బాగా అల్లుకున్నాక, అడుగుకొకటి చొప్పున ఖాళీలలో నాటాము. నాటిన కొద్ది నాళ్లకు తల తుంచితే మొక్క అడుగు నుండే కొమ్మలు వేస్తుంది. ఆ తలను తుంచడానికి చేయి రాదు. అయినా తుంచాలి. అలా నాటినవన్నీ అమ్మ పెంచిన పొదల కొమ్మలే.

చీడల బెడద తక్కువ. ఆముదాన్ని తినే దాసరి పురుగు కొన్నిసార్లు దీనినీ తింటుంది. తెల్లవారి వెతికి ఏరివేస్తే చాలు. మరీ ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. పిచికారీ చేసిన ఆకును వెంటనే చేతులకు వాడరాదు.

పండుగకు ఆకు కావాలనుకునేవారు చంద్రమానాన్ని మరువరాదు. మన పండుగలు ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతాయి. కత్తిరించాక కొత్త ఆకు పండే పాకానికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కనుక పండుగకు ముందు రెండు నెలల్లో కత్తెర ముట్టుకోవద్దు. మరీ లేత చిగురు కాకుండా, పసుపు తిరిగిన ముదురు ఆకూ కాకుండా, నడిమి ఆకు కోయాలి. కాస్త చింతపండు గానీ నిమ్మరసం గానీ చేర్చి మెత్తగా నూరితే చక్కగా పండుతుంది. మిగిలిన ఆకును నీడన ఆరబెట్టి పొడి చేసుకుంటే ఇంటి పెద్దల గడ్డానికీ, తలకూ పనికి వస్తుంది. ఆ రంగు పొర కట్టదు కనుక, ముద్ద కడిగివేశాక వజూకు ఆటంకం కాదు.

ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తిన్నది అతనికి దానంగా రాయబడుతుందన్న దైవప్రవక్త (స) బోధ మనమందరమూ విన్నదే. దానిని వింటున్నప్పుడు మనకు మామిడి, ఖర్జూరం గుర్తుకు వస్తాయి. ఇంటి సరిహద్దులో నిలబడి రెండు కుటుంబాలకు ఆకునిచ్చే పొద మీదా, ఇరుగు మేలు కోరి నాటిన చేతి మీదా అల్లాహ్ దయ ఉంటుందని మేము ఆశపడతాము.

ఖాళీలు పూడడానికి మూడేళ్లు పట్టింది. గోడ కట్టలేదు. మొన్నటి ఆషాఢంలో మామ్మగారి కోడలు ఒంటరిగా వచ్చింది. మామ్మగారు మంచం దిగడం లేదట. "అత్తయ్యగారు అడిగారండీ, మీ వైపు ఆకే కావాలట" అన్నది. మా చిన్నమ్మాయి తానే కోసి, తానే నూరి, గిన్నెతో తీసుకువెళ్లి ఆమె చేతులకు పెట్టి వచ్చింది. వచ్చే నెల వానలు కుదిరితే ఇన్‌షా అల్లాహ్ వారి వైపున మిగిలిన రెండు ఖాళీలలోనూ మొక్కలు నాటాలి. సంచుల్లో వేళ్లు వేసిన కొమ్మలు సిద్ధంగా ఉన్నాయి.