సాంకేతిక దర్పణం: తీగ లేని తంటా

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినప్పటి నుండి, పాత ల్యాప్‌టాప్‌లను ఏమి చేయాలని సహోద్యోగులు అనేకులు మమ్మల్ని అడుగుతున్నారు. విండోస్ 11 వాటిలో చాలావాటిని అంగీకరించదు. లినక్స్ వేసుకోండని మేము ఉచితంగా సలహా ఇస్తూ వచ్చాము. ఆ సలహా ఒకనాడు మోవాలోని మా ఇంటికే నడచి వచ్చినది.

పొరుగున ఉన్న విశ్రాంత సహోద్యోగి ఒకరు, శ్రీకాకుళం నుండి వచ్చి రాయపూర్‌లో స్థిరపడినవారు, తమ పాత యంత్రాన్ని చంకన పెట్టుకొని వచ్చారు. "ఏమండీ ఇంజనీరు గారూ, దీన్ని తుక్కుకు వేసేయమంటారా? మనుమరాలి పాలిటెక్నిక్ దరఖాస్తుకు నాలుగు రోజులే గడువు" అన్నారు. లినక్స్ అరగంటలో ఎక్కినది. తెర, శబ్దం, కీబోర్డు అన్నీ పనిచేసినవి. వైఫై మాత్రం మూగబోయినది.

వెంటనే జయస్తంభ్ చౌక్ వైపు వెళ్ళి ఒక యూఎస్‌బీ వైఫై పరికరం కొన్నాము. పెట్టె మీద లినక్స్ అని అచ్చువేసి ఉన్నది. అదే మోడలు ఒక మిత్రుని ఇంట చక్కగా పనిచేయడం కళ్ళారా చూచియున్నాము కూడా. తీరా తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. విచారించగా తేలినదేమంటే, తయారీదారు మోడలు పేరు అలాగే ఉంచి, రెండవ కూర్పులో లోపలి చిప్‌ను మార్చివేశాడు. పెట్టె మీది మాట అబద్ధమూ కాదు. జతగా ఇచ్చిన డ్రైవరు ఏనాటిదో కెర్నెల్‌కు వ్రాసినది, నేటి కెర్నెల్‌తో పొసగదు. నీళ్ళలో ఉన్న గేదెను బేరమాడినట్లయినది మా వ్యవహారం. ముప్ఫై ఏళ్ళు యంత్రాల నామఫలకాలు చదివిన మేము చేయదగిన పని కాదు.

వైఫై పరికరానికి నిజమైన నామఫలకం దాని గుర్తింపు సంఖ్య. టెర్మినల్‌లో ఎల్, ఎస్, పి, సి, ఐ అను ఐదు అక్షరాలు కలిపి, ఖాళీ విడిచి, అడ్డగీత, రెండు 'ఎన్'లు కొడితే లోపలి కార్డుల జాబితా వస్తుంది. యూఎస్‌బీ వాటికి 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' చాలు. ప్రతి వరుసలో రెండు సంఖ్యల జంట ఉంటుంది: మొదటిది సంస్థది, రెండవది పరికరానిది. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. ఆ పేరుగల 1978 నాటి ప్రాసెసర్ మీద కళాశాలలో పరీక్షలు వ్రాసిన మా తరానికి అది పాత మిత్రుని పలకరింపు! ఈ జంటను కెర్నెల్‌లోని ఏ డ్రైవరు గుర్తిస్తుందో కొనక ముందే చూచుకోవాలి.

డ్రైవరు ఒక్కటే చాలదు. కార్డులోని చిన్న ప్రాసెసర్‌కు ఫర్మ్‌వేర్ అనే వేరొక ఫైలు కావాలి. ఇంటెల్ కార్డులకు డ్రైవరు కెర్నెల్‌లోనే ఉన్నా, ఫర్మ్‌వేర్ విడిగా రావాలి. డెబియన్ వారు 2023 జూన్‌లో విడుదలైన 12వ కూర్పు నుండి ఇట్టి ఫైళ్ళను స్థాపక డిస్కులోనే చేర్చారు. అంతకు ముందు ఇంటర్నెట్ కొరకు ఫర్మ్‌వేర్, ఫర్మ్‌వేర్ కొరకు ఇంటర్నెట్! ఇందుకు విరుగుడు సెల్‌ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ చేయడం. యంత్రం దానిని తీగ నెట్‌వర్క్‌గానే భావిస్తుంది. మనుమరాలి దరఖాస్తు ఆ సాయంత్రమే ఆ తీగ మీదుగా వెళ్ళినది.

శాశ్వత వైద్యం మరునాడు జరిగినది. ఒక మరమ్మతు దుకాణంలో విప్పిపడేసిన ల్యాప్‌టాప్ నుండి అథెరోస్ ఏఆర్ 9285 కార్డు దొరికినది. 2008 నుండి కెర్నెల్‌లో ఉన్న 'ఏటీహెచ్9కే' డ్రైవరుతో నడిచే ఇట్టి కార్డులకు ఫర్మ్‌వేర్ ఫైలే అవసరం లేదు. పాతదే, వేగం తక్కువే. దరఖాస్తులకు, పాఠాలకు చాలును. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్ తన జాబితాలో లేని కార్డును నిరాకరిస్తుంది. ఇది పేచీ పెట్టలేదు. యాంటెన్నా తీగల కొసలు మాత్రం ఆవగింజంత ఉంటాయి, గోటితో మెల్లగా పైకి లేపాలి.

కొత్త యంత్రాలకు ఎమ్.2 కార్డు కొనేవారు ఒక్క అంకె గమనించాలి. ఇంటెల్ ఏఎక్స్ 210 సాధారణ పీసీఐ కార్డు. ఏఎక్స్ 211 మాత్రం తగిన ఇంటెల్ వేదిక ఉన్న యంత్రాలలోనే పనిచేస్తుంది.

మేము కొన్న యూఎస్‌బీ పరికరం ఇంకా మా సొరుగులోనే ఉన్నది. విండోస్ వాడేవారెవరైనా అడిగితే ఇచ్చివేస్తాము.