ఆకుల్లోనే ఉంది గడ్డ గుట్టు!

వంటింటి బుట్టలో మొలకెత్తిన ఉల్లిపాయను కుండీలో గుచ్చడం మనందరికీ అలవాటే. నేనూ అదే చేశాను. చలికాలం పోయేలోపు పచ్చటి కాడలొచ్చాయి, తెల్లటి పువ్వూ వచ్చింది. తవ్వి చూస్తే పెద్ద గడ్డ ఏదీ? ఉన్న పాయ కాస్తా పువ్వుకే ఖర్చయిపోయింది. మరుసటి ఏడాది గింజలు తెచ్చి తొట్టె నిండా చల్లేశాను. ఈసారి గడ్డలైతే వచ్చాయి. కర్నూలు వైపు ఉల్లి చేలు చూస్తూ పెరిగిన మా అత్తయ్య వాటిని అరచేతిలో దొర్లించి, ‘ఇవి ఎర్రగడ్డలా, గోలీకాయలా అమ్మా?’ అన్నారు. నాలుగు నెలల కష్టం నవ్వులపాలైంది.

పొరపాటు ఎక్కడో ఆవిడే చెప్పారు. ఉల్లిపాయను కోస్తే కనిపించే పొరలన్నీ ఆకుల అడుగు భాగాలే. గడ్డ ఊరడం మొదలయ్యే లోపు మొక్కకు పది పన్నెండు ఆకులు వస్తే పాయ పెద్దది. ఇరుకులో అయిదారు ఆకులతో సరిపెట్టుకుంటే గోలీకాయే. ఊరడం మొదలయ్యాక ఎంత ఎరువేసినా ఆ లోటు తీరదు.

విత్తనం మనదేనా?

2023లో ఇంగ్లండ్‌లోని హారోగేట్ ప్రదర్శనలో ఒక ఉల్లిగడ్డ దాదాపు 9 కిలోలు తూగింది. అలాంటివి చూసి విదేశీ విత్తనాలు తెప్పించుకోకండి. ఆ రకాలకు రోజుకు 14 గంటలకు పైగా పగలుంటేనే గడ్డ ఊరుతుంది. హైదరాబాద్‌లో నడివేసవిలోనూ పగలు 13 గంటలు దాటి కొద్ది నిమిషాలే. వాటికి ఇక్కడ ఆకులే మిగులుతాయి. మనకు అర్క నికేతన్, అగ్రిఫౌండ్ లైట్ రెడ్ లాంటి రబీ రకాలు మేలు. వానాకాలంలో వేయాలనుకుంటే అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53 ఉన్నాయి.

ఉల్లి గింజకు ఆయుష్షు తక్కువ. ఏడాది దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. ప్యాకెట్ మీద తేదీ చూసే కొనండి. అనుమానముంటే 20 గింజలను తడిగుడ్డలో చుట్టి పెట్టండి. పది రోజుల్లో పద్నాలుగైనా మొలిస్తే ధైర్యంగా పోయొచ్చు.

నారు పోద్దామా...

అక్టోబరు, నవంబరు నెలలు రబీ నారుకు అనువైనవి. రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. వెడల్పాటి ట్రేలో వేలితో గీతలు గీసి, గింజలను పలచగా వేసి అర సెంటీమీటరు మట్టి కప్పండి. గ్రాముకు 250 గింజల దాకా ఉంటాయి కాబట్టి చిటికెడు చాలు. వారం పది రోజుల్లో సూదిని మధ్యకు వంచినట్టు మొలకలు లేస్తాయి. నీళ్లు రోజ్‌క్యాన్‌తోనే చల్లాలి. ఎక్కువైతే నారు కుళ్లిపోతుంది.

ఆరేడు వారాలకు నారు అగ్గిపుల్ల కంటే కాస్త లావవుతుంది. అప్పుడు తొమ్మిది అంగుళాల లోతున్న తొట్టెలోకి మార్చండి. మొక్కకూ మొక్కకూ జానెడు కాకపోయినా 15 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. తెల్లటి మొదలు మాత్రమే మట్టిలో ఉండాలి, లోతుగా నాటొద్దు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టెలో 24 మొక్కలు పడతాయి. ‘ఇంకో నాలుగు పెడదాం’ అని చేయి లాగుతుంది. ఆపుకోండి!

మేత ముందే

ఉల్లి వేళ్లు పైపైనే ఉంటాయి, మట్టి పూర్తిగా ఆరనివ్వకండి. వంద గ్రాముల వేరుశనగ చెక్కను లీటరు నీటిలో రెండు రోజులు నానబెట్టి, దానికి పదింతల నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోయండి. మొదలు ఉబ్బి చుట్టూ మట్టి పగుళ్లిస్తే గడ్డ ఊరుతోందన్నమాట. ఇక ఎరువు ఆపేయాలి. లేదంటే మెడ లావెక్కి పాయ నిల్వ ఉండదు. పైకి తేలిన గడ్డ మీదికి మట్టి ఎగదోయకండి. ఆకుల మీద తెల్లటి చారలు కనిపిస్తే తామరపురుగులే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

సగం మొక్కల ఆకులు వాటంతటవే ఒరిగిపోతే నీళ్లు మానేసి, పది రోజులాగి పీకండి. ఆకులు కోయకుండా వారం పది రోజులు నీడలో ఆరబెట్టి, మెడ అంగుళం వదిలి కత్తిరించండి.

పాయ వంద గ్రాములు తూగినా తొట్టెకు రెండున్నర కిలోల లోపే. నలుగురున్న ఇంట్లో కొద్ది రోజుల్లోనే అయిపోతాయి. 2019 డిసెంబరులో చాలాచోట్ల కిలో వంద దాటినప్పుడైనా దీనితో ఖర్చు కలిసొచ్చేది కాదు. కానీ గుప్పిట పట్టనంత గడ్డను మన తొట్టెలోంచి పీకే సంబరం బజారులో దొరకదు కదా!

ఇప్పుడు అత్తయ్య మేడెక్కితే మొదలు తడిమి చూడరు. మొక్కల దగ్గర కూర్చుని ఆకులు లెక్కపెడతారు. పోయిన సంక్రాంతికి తొమ్మిది లెక్కతేలాయి. ‘ఇంకో రెండు రానీ’ అన్నారు. వచ్చాయి.