మార్చురీ గుమ్మంలో బేరసారాలు!

‘‘బాడీ తాలూకు ఎవరయ్యా?’’ - ప్రభుత్వాసుపత్రి మార్చురీ ముందు ఆప్తులను పోగొట్టుకున్నవారు తరచుగా వినే మాట ఇది. తెల్లవారేదాకా కొడుకో, నాన్నో అయిన మనిషి అప్పుడే ‘బాడీ’ అయిపోయాడు. ఆ బాధ దిగమింగుకునేలోగా బేరాలు మొదలవుతాయి. గుడ్డ చుట్టడానికి ఇంత, ఊరు చేర్చడానికి ఇంత. వంకాయల దగ్గర గీచి గీచి బేరమాడే మనిషి సైతం ఇక్కడ నోరెత్తలేడు. ఆ సంగతి అడిగేవాడికీ తెలుసు.

2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రిలో మరణించిన ఓ బాలుడి మృతదేహాన్ని తండ్రి సుమారు 90 కిలోమీటర్లు మోటారు సైకిలుపై తీసుకుపోవలసి వచ్చింది. అంబులెన్సులవారు అడిగిన సొమ్ము ఆయన ఇచ్చుకోలేకపోయాడు. బంధువులు బయటి నుంచి పంపిన బండిని కూడా అక్కడి డ్రైవర్లు అడ్డుకున్నారని ఆరోపణలు వచ్చాయి. రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. పోలీసులు కొందరు డ్రైవర్లను అదుపులోకి తీసుకున్నారు. మృతదేహాలను ఉచితంగా ఇళ్లకు చేర్చే ‘మహాప్రస్థానం’ వాహనాలు రాష్ట్రంలో అప్పటికే ఉన్నాయి. పథకం ఉండటం వేరు, అర్ధరాత్రి ఏడుస్తున్న మనిషికి అది అందటం వేరు.

అయితే తప్పంతా డ్రైవర్లదేనని సరిపెట్టుకోవటానికి వీల్లేదు. బేరానికి బలమిచ్చేది జాప్యం. ప్రమాద మరణమైతే ముందు పోలీసుల పంచనామా, తర్వాత పోస్టుమార్టం. పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే తహసీల్దారు రావాలి. ఒకప్పుడు పొద్దుగూకితే ఇక మర్నాడే. వెలుతురు, వసతులు ఉన్న ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా పోస్టుమార్టం చేయవచ్చునని, దాన్ని వీడియో తీయాలని 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఆదేశించింది. హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలకు సాధారణంగా ఇది వర్తించదు. రోడ్డు ప్రమాదాల్లో పోయినవారి కుటుంబాలకైతే పెద్ద ఊరటే. మన ఆసుపత్రుల్లో ఆ వసతి ఎక్కడెక్కడ ఉన్నదో అధికారులు జనానికి చెప్పాలి.

మార్చురీ సిబ్బందిని తిట్టిపోయటం తేలిక. రక్తసంబంధీకులు ముట్టలేని శవాన్ని ముట్టేది వారే. 2020, 2021 కరోనా రోజుల్లో అయినవారే దూరంగా నిలబడితే వీరు, మునిసిపల్ కార్మికులు, స్వచ్ఛంద సేవకులు ఎందరినో సాగనంపారు. మామూళ్లు తప్పే, కాదనలేం. కానీ ఆ పని చేసేవారిని మనుషులుగా చూడని సమాజం, వారి నుంచి ఆదరణను మాత్రం ఆశిస్తున్నది!

ఆదరణకు పెద్ద ఖర్చూ అక్కర్లేదు. ముఖం తుడిచి, మిగతా ఒళ్లు కప్పి, ఆ తర్వాతే తల్లిని లోపలికి పిలవటం. ‘బాడీ’ అనకుండా పేరు పెట్టి అడగటం. కూర్చోవటానికి ఓ బల్ల, తాగటానికి మంచినీళ్లు. మనిషి గౌరవం మరణంతో ముగిసిపోదని సుప్రీంకోర్టు 1995లోనే పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది.

మార్చురీ గుమ్మం దగ్గర ఓ బోర్డు కావాలి. కిలోమీటరుకు అద్దె ఎంతో, మహాప్రస్థానం వాహనానికి ఎవరికి ఫోను చేయాలో, రాత్రి డ్యూటీలో ఎవరున్నారో దానిపై ఉండాలి. ఆసుపత్రిలో జరిగిన మరణాన్ని రిజిస్ట్రారుకు తెలియజేయవలసింది ఆసుపత్రివారేనని 1969 చట్టం చెబుతున్నది. అందుకు గడువు 21 రోజులు. ఈ ముక్క కూడా ఆ బోర్డుపైనే రాస్తే, దినం కూడా కాకముందే సర్టిఫికెట్ కోసం దళారుల చుట్టూ తిరిగేవారు కొందరైనా తగ్గుతారు.